మందుతో పాటు ఓ మాట!

సామర్లకోట స్టేషన్‌కి దగ్గర్లో ఓ మందుల షాపు ఉందనుకుందాం. సాయంత్రం ఆరు దాటింది. కాకినాడ బస్సు దిగి, ఓ కోడలు తన అత్తగారిని చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. ఇద్దరూ పొద్దున్నే టిఫినన్నా చేయకుండా బయల్దేరారు. రక్తపరీక్ష, దాని రిపోర్టు, మళ్లీ డాక్టరు... రోజంతా వరసల్లోనే గడిచిపోయింది. అత్తగారికి నాలుగేళ్లుగా కీళ్లవాతం. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. చెంబు పట్టుకుంటే జారిపోతుంది. ఇన్నాళ్లూ వేసుకున్న నొప్పి బిళ్లలతో లాభం లేదని డాక్టరు ఈసారి కొత్త మాత్ర రాశారు. ఎలా వేసుకోవాలో చెప్పారు కూడా. కానీ అలసట, ఆకలి, బస్సు వెళ్లిపోతుందన్న కంగారు... ఆ మాటలు సగమే చెవికెక్కాయి.

షాపులో జనం. కౌంటరు మీదికి ఏడెనిమిది చేతులు చాచి ఉన్నాయి. కోడలి చేతిలో చీటీ లోపలికెళ్లింది, రెండు నిమిషాల్లో మందుల కవరు బయటికొచ్చింది.

'ఇవి ఎలా వేసుకోవాలండీ?'

'చీటీలో రాసుందమ్మా. ఆ... తర్వాతెవరండీ?'

అంతే! ఇంటికెళ్లి అన్నాలు తిన్నాక కవరు విప్పారు. అందులో రెండు రకాల మాత్రలు. రెండూ చిన్నవే, రెండూ పసుపుపచ్చవే.

'ఏమ్మా, ఈ పచ్చబిళ్ల ఎప్పుడు వేసుకోమన్నారు?'

'రోజుకొకటి అన్నట్టే గుర్తు అత్తయ్యా.'

కోడలు అబద్ధం చెప్పలేదు. డాక్టరు 'రోజూ ఒకటి' అన్నమాట నిజమే. కాకపోతే ఆ మాట రెండో మాత్ర గురించి. మొదటి మాత్ర రోజుకొకటి కాదు, వారానికి ఒక్కసారి. ఆ తేడా తెలియక వరసగా కొద్దిరోజులు మింగినా నోరంతా పుళ్లు పడతాయి. రక్తకణాలు తగ్గిపోతాయి. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, ఊహించిందే. కానీ ఇందులో జరగనిదంటూ ఏమీ లేదు. ఆ మాత్ర పేరు మెథోట్రెక్సేట్. వారానికోసారి వేసుకోవాల్సిన దాన్ని పొరపాటున రోజూ వేసుకోవడం ప్రపంచమంతటా మందుల భద్రత నిపుణులు పదేపదే హెచ్చరించే ప్రమాదం. ఇందులో డాక్టరు తప్పు రాయలేదు. మందు నకిలీది కాదు. గడువు తీరలేదు. షాపువాళ్లు వేరే మందు ఇవ్వలేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేనిదల్లా మందుతో పాటు రావాల్సిన ఓ మాట.

మనవాడిచ్చిన మందే

మెథోట్రెక్సేట్ కథ వింటే గోదావరి జిల్లాలవాళ్లకి గర్వంగా ఉంటుంది. దాని వెనకున్న శాస్త్రవేత్తల బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావే. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, అమెరికా వెళ్లిన ఆయన అక్కడి లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది ఆయన బృందమే. తర్వాత ఆ విటమిన్‌ని పోలినట్టే ఉంటూ దాని పనిని అడ్డుకునే మందుల్నీ తయారుచేశారు. అలాంటి ఓ మందుతోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1947-48లో రక్తక్యాన్సరున్న పిల్లలకు చికిత్స చేశాడు. అదే కుటుంబానికి చెందింది మెథోట్రెక్సేట్. క్యాన్సరుకి పెద్ద మోతాదులో వాడే ఆ మందు, చిన్న మోతాదులో వారానికోసారి వేసుకుంటే కీళ్లవాతాన్ని అదుపులో ఉంచుతుందని తర్వాత తేలింది. 1988లో అమెరికా ప్రభుత్వం ఆ వాడకానికి అనుమతిచ్చింది.

ఇంకో విచిత్రం. మెథోట్రెక్సేట్ వల్ల ఒంట్లో ఫోలిక్ ఆమ్లం పని దెబ్బతింటుంది కాబట్టి, దుష్ఫలితాలు తగ్గడానికి డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా రాస్తారు. అంటే మందూ ఆయన బృందం చలవే, దానికి రక్షణగా ఇచ్చేదీ ఆయన బృందం చలవే! ఆ అత్తగారి కవర్లో ఉన్న రెండో పచ్చమాత్ర అదే. రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి వేసుకుంటే కాపాడాల్సిన మందే కాటేస్తుంది.

మహానుభావులు మందు కనిపెట్టగలరు. కంపెనీలు తయారుచేయగలవు. డాక్టర్లు రాయగలరు. కానీ 'వారానికి ఒక్కసారే సుమా' అన్న మాట భీమవరం నుంచి బోస్టన్ దాకా తిరిగొచ్చినా, సామర్లకోటలో ఓ వంటింటి గూట్లోకి చేరకపోతే ఆ శ్రమంతా వృథా.

మందుల గురించి చెప్పడానికో ఆఫీసు

ఈ సంగతి వైద్యప్రపంచానికి అరవై ఏళ్ల కిందటే అర్థమైంది. 1950ల్లో కొత్త మందులు వెల్లువలా వచ్చిపడ్డాయి. ఏ మందు దేనితో పడదు, గర్భిణికి ఇవ్వొచ్చా, కిడ్నీ పాడైనవారికి ఎంత తగ్గించాలి... ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఏ ఒక్క డాక్టరువల్లా కాని పని. దాంతో 1962లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం తన ఆసుపత్రిలో మందుల సమాచార కేంద్రాన్ని తెరిచింది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిదంటారు. అక్కడ మందులు అమ్మరు, మందుల గురించి చెబుతారు. డాక్టరో నర్సో ఫోన్ చేసి 'ఫలానా రోగికి ఫలానా మందు ఇవ్వొచ్చా?' అని అడిగితే, ఫార్మసిస్టు పుస్తకాలూ పరిశోధనా పత్రాలూ తిరగేసి సమాధానం చెబుతాడు.

మనదేశంలోనూ ఆ దారి పడింది. 1995లో ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విషసమాచార కేంద్రం వచ్చింది. పిల్లాడు పొరపాటున తాతగారి బీపీ మాత్రలు మింగినా, పొలంలో పురుగుమందు ఒంట్లోకి వెళ్లినా ఏంచేయాలో అక్కణ్నుంచి ఫోన్లో చెబుతారు. 1997లో కర్ణాటక ఫార్మసీ కౌన్సిల్ బెంగళూరులో మందుల సమాచార కేంద్రాన్ని ప్రారంభించింది. తర్వాత కొన్ని వైద్య కళాశాలలూ, ఫార్మసీ కళాశాలలూ ఆ బాట పట్టాయి.

ఆరోగ్య సమాచారాన్ని ఫోన్ ద్వారా ఇంటింటికీ చేర్చడంలో తెలుగువాళ్లూ తక్కువ తినలేదు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. రెండేళ్లకు, 2007లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 వచ్చింది. అంబులెన్సు అక్కర్లేని సందేహాలకి ఆ నంబరు. 'పిల్లకి జ్వరం, ఏం చేయమంటారు?', 'ఈ మాత్ర వేసుకున్నాక దద్దుర్లొచ్చాయి, పర్లేదా?' అని అడిగితే అవతల శిక్షణ పొందినవాళ్లు లక్షణాలు కనుక్కుని, అవసరమైతే డాక్టరుతో మాట్లాడించి, తెలుగులో సలహా చెప్పేవాళ్లు. 2020, 2021ల్లో కరోనా రోజుల్లోనూ ఆంధ్రప్రదేశ్‌లో జనం వేళ్లు మొదట నొక్కింది 104నే. సమాచారం కూడా వైద్యమేనని మనకు అనుభవంలోకి తెచ్చిన నంబరది.

పేరులో ఏముంది? ప్రాణముంది!

ఇంతకీ మందుల దగ్గర పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి? మొట్టమొదటి చోటు పేరు.

గోదావరి మన్యంలో మలేరియా సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మెదడుకి సోకే ప్రమాదకరమైన మలేరియాకి ఒకప్పుడు రెండు కంపెనీలు రెండు మందులు అమ్మేవి. ఒకదాని పేరు ఫాల్సిగో, మరోదాని పేరు ఫాల్సిట్యాబ్. ఒకదాంట్లో ఉన్నది ఆర్టిసునేట్, రెండోదాంట్లో ఉన్నది మెఫ్లోక్విన్. లోపలి రసాయనాలే వేరు, పేర్లు మాత్రం కవలపిల్లల్లా ఉన్నాయి. ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001 మార్చిలో కోర్టు ఇచ్చిన తీర్పు మందుల పేర్ల విషయంలో ఓ మైలురాయి. మిఠాయి పేర్లు కలిస్తే పోయేది డబ్బు, మందుల పేర్లు కలిస్తే పోయేది ప్రాణం కాబట్టి ఇక్కడ మరింత కఠినంగా ఉండాలన్నది దాని సారాంశం. ఇన్ని భాషలున్న దేశంలో, ఇంగ్లీషు రానివాళ్లు ఇంతమంది ఉన్నచోట గందరగోళానికి కాస్త కూడా తావుండకూడదని కోర్టు గుర్తుచేసింది.

రెండోది దీనికి తిరకాసు. వేరే వేరే పేర్లు, లోపల ఒకే మందు! జ్వరమొచ్చిందని ఒకాయన 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ రోజుకి నాలుగు వేసుకుంటున్నాడు. మొత్తం 2,600. పనిలోపనిగా జలుబు కూడా తగ్గుతుందని షాపులో అడిగి జలుబు బిళ్లలు తెచ్చుకుని రోజుకి మూడు మింగాడు. ఆ బిళ్లలో ఒక్కోదాంట్లో 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉందని ఆయనకేం తెలుసు? అది మరో 1,500. కలిపితే 4,100. పెద్దవాళ్లకి రోజుకి గరిష్ఠ పరిమితి 4,000 మిల్లీగ్రాములు. కాలేయం బాగాలేనివారికీ, రోజూ మద్యం తాగేవారికీ అంతకన్నా తక్కువే. ఆయన ఏ బిళ్లనీ ఎక్కువ వేసుకోలేదు. అయినా హద్దు దాటాడు. ఇంకా ఒళ్లునొప్పులకని మూడో బిళ్ల తోడైతే చెప్పేదేముంది? అందుకే స్ట్రిప్పు మీద పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, దానికింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూడాలి.

ఎర్ర మూత, నారింజ మూత

మూడో పొరపాటు కొలతలో. షుగరు ఉన్నవాళ్ల ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. మనదేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి. ఒకదాంట్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు, మరోదాంట్లో 100 యూనిట్లు. దేని సిరంజి దానికే ఉంటుంది. 40కి ఎర్రమూత, 100కి నారింజ రంగు మూత. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

ఒకామె రోజూ 40 యూనిట్ల సీసా నుంచి ఎర్రమూత సిరంజితో 20 గీత దాకా తీసుకుంటోంది. ఊరెళ్లినప్పుడు ఆ రకం దొరక్క 100 యూనిట్ల సీసా కొన్నారు. సిరంజి మాత్రం పాతదే. అదే 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. రెండున్నర రెట్లు! చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఆఖరికి స్పృహ తప్పడం. తిరగేసి, 40 సీసాకి నారింజమూత సిరంజి వాడితే 20 గీత దగ్గర వెళ్లేది ఎనిమిది యూనిట్లే. అప్పుడు షుగరు ఎందుకు తగ్గట్లేదో ఎవరికీ అర్థంకాదు. డాక్టరు మోతాదు పెంచుతారు. ఓరోజు సరైన సిరంజి దొరుకుతుంది... పెంచిన మోతాదు మొత్తం ఒక్కసారే లోపలికెళుతుంది.

దీన్ని తప్పించడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. 'సీసా మీదున్న అంకె, సిరంజి మీదున్న అంకె ఒకటేనా చూసుకోండమ్మా' అని చెప్పే మనిషి ఒకరుంటే చాలు.

నాలుగోది వేళ, తోడు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని కనీసం అరగంట ఆగాలి. ఆ మాత్ర వేసుకుంటూనే కాఫీ తాగి, కాసేపటికే క్యాల్షియమో ఐరనో వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. వాటి మధ్య నాలుగు గంటల ఎడం కావాలి. డెంగీ అనుమానమున్న జ్వరంలో ఒళ్లునొప్పులకని ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారికీ అంతే. నొప్పిబిళ్ల వేసుకునేముందు అడిగి తీరాలి. ఇవేవీ రహస్యాలు కావు, అన్నీ పుస్తకాల్లో ఉన్నవే. కానీ ఆ పుస్తకం చదివినవాడికీ మాత్ర మింగేవాడికీ మధ్య దూరం సామర్లకోటకీ కాకినాడకీ ఉన్నంత కూడా అక్కర్లేదు. కౌంటరు వెడల్పంత చాలు!

బోదకాలు నేర్పిన పాఠం

మందుతో పాటు మాటా ఇస్తే ఏమవుతుందో గోదావరి జిల్లాలకి ఎప్పుడో తెలుసు. ఇక్కడ బోదకాలు తరతరాల బాధ. దానికి వాడే డీఈసీ మాత్ర కూడా సుబ్బారావు లెడర్లేలో ఉన్నప్పుడు వచ్చిందే. హెట్రజాన్ పేరుతో 1947లో లోకానికి తెలిసింది.

2004 నుంచి దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ ఈ మాత్రలు పంచే కార్యక్రమం మొదలైంది. జబ్బు ఉన్నవాళ్లకే కాదు, లేనివాళ్లకీ. ఒంట్లో ఏ బాధా లేనివాడు మాత్ర ఎందుకు మింగుతాడు? పైగా రక్తంలో బోదకాలు క్రిములున్నవారికి మాత్ర వేసుకున్నాక జ్వరం, తలనొప్పి, తలతిరుగుడు రావచ్చు. అది మందు వికటించడం కాదు, లోపలి క్రిములు చస్తున్నాయనడానికి గుర్తు. ఆ సంగతి ముందే చెప్పకపోతే 'మాత్ర మింగితే జ్వరమొచ్చింది' అన్న పుకారు వీధి చివరికి చేరేలోపే మిగతా ఇళ్లలో మాత్రలు కాలవలో పడతాయి.

అందుకే మాత్ర పంచేవాళ్లకి లెక్కతో పాటు మాటలూ నేర్పారు. రెండు నుంచి అయిదేళ్లవారికి ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్లకి రెండు, పదిహేనేళ్లు దాటినవారికి మూడు డీఈసీ మాత్రలు. వాటితో పాటు ఆల్బెండజోల్ ఒకటి. ఖాళీ కడుపుతో వద్దు. రెండేళ్లలోపు పిల్లలకీ, గర్భిణులకీ, బాగా జబ్బుపడి ఉన్నవారికీ వద్దు. ఎదురుగానే మింగించాలి. కాస్త జ్వరమొస్తే భయపడొద్దు. చదువు రానివాళ్లకీ అర్థమయ్యే నాలుగు ముక్కలు! ఆశా కార్యకర్త గుమ్మంలో నిలబడి చెప్పే ఆ నాలుగు ముక్కలూ ఓ మందుల సమాచార కేంద్రం చేసే పనే. దానికి బోర్డు లేదు, అంతే తేడా.

కౌంటరు అవతలి మనిషి

మరి మిగతా మందులకి ఆ నాలుగు ముక్కలు ఎవరు చెప్పాలి? చట్టం ప్రకారమైతే సమాధానం ఎప్పుడో ఉంది. మందుల షాపులో ఫార్మసిస్టు ఉండాలన్నది లైసెన్సు గోడకి తగిలించుకోవడానికి పెట్టిన నిబంధన కాదు. 1948 నాటి ఫార్మసీ చట్టం ఆ వృత్తికి గుర్తింపునిచ్చింది. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఇంకో అడుగు ముందుకేసి, మందు ఇచ్చేటప్పుడు రోగికి ఏమేం చెప్పాలో జాబితాగా రాశాయి. మందు పేరు, ఎందుకోసం, ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఏ దుష్ఫలితాలు రావచ్చు, ఎలా దాచాలి, ఒకపూట మరిచిపోతే ఏంచేయాలి... అన్నీ. అంటే వివరం అడగడం షాపువారిని విసిగించడం కాదు, మన హక్కు. చెప్పడం వారి దయ కాదు, బాధ్యత.

2008లో మనదేశంలో ఫార్మ్‌డీ అనే ఆరేళ్ల కోర్సు కూడా మొదలైంది. ఆ విద్యార్థులు ఆసుపత్రి వార్డుల్లో తిరుగుతూ, రోగి వేసుకునే మందులన్నీ ఒకచోట రాసి, ఏది దేనితో పడదో చూడటం నేర్చుకుంటారు. ఇంట్లోనో వీధిలోనో అలాంటి పిల్లలెవరైనా ఉంటే అమ్మమ్మ మందులడబ్బా ఓసారి వారి ముందు పెట్టొచ్చు. చదువుకున్నది వంటబడుతుంది, అమ్మమ్మకీ మంచిది. మందు ఆపాలన్నా మార్చాలన్నా మాత్రం మాట డాక్టరుదే.

షాపువాళ్ల కష్టమూ లేకపోలేదు. సాయంత్రం రద్దీలో ఒక్కొక్కరికీ అయిదు నిమిషాలు చెబుతూ కూచుంటే వెనక వరస పెరిగిపోతుంది. కానీ అందరికీ అన్నీ చెప్పక్కర్లేదు. ఎప్పుడూ వాడే బీపీ మందు తీసుకెళ్లే ఆయనకి చెప్పేదేమీ ఉండదు. కొత్త మందు, వారానికోసారి మందు, ఇన్సులిన్, రక్తం పలచబరిచే మందు, పసిపిల్లల మందు, గర్భిణి మందు... ఈ ఆరింటి దగ్గర అరనిమిషం ఆగితే చాలు. స్కెచ్‌పెన్నుతో కవరు మీద తెలుగులో ఒక్కముక్క రాస్తే ఆ అరనిమిషం కూడా మిగులుతుంది.

మన ఫిర్యాదుకి విలువెంత?

సమాచారం పైనుంచి కిందికే రావాలనేం లేదు, కిందినుంచి పైకీ వెళ్లాలి. మందు మార్కెట్లోకి వచ్చేముందు కొన్నివేలమంది మీద పరీక్షిస్తారు. లక్షలమంది వాడటం మొదలుపెట్టాకే బయటపడే అరుదైన దుష్ఫలితాలు కొన్నుంటాయి. వాటిని పట్టుకోవడానికే 2010 జులైలో జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. 2011 నుంచి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడిపిస్తోంది. ఏ మందు వికటించినా డాక్టరే కాదు, రోగి కూడా నేరుగా చెప్పొచ్చు. పనిరోజుల్లో 1800-180-3024 నంబరుకి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. రాసి పంపే ఫారం తెలుగులోనూ ఉంది.

'మనం చెబితే ఏమవుతుంది?' అనుకోనక్కర్లేదు. నెలసరి నొప్పికీ, జ్వరానికీ విరివిగా వాడే మెఫెనమిక్ ఆమ్లం మీద 2023 చివర్లో ఆ సంస్థ హెచ్చరిక జారీచేసింది. అరుదుగా కొందరిలో జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, లోపలి అవయవాల మీద ప్రభావంతో కూడిన తీవ్రమైన అలర్జీ రావచ్చని చెప్పింది. అలాంటి హెచ్చరికలు పుట్టేది దేశంలో మూలమూలల నుంచి వచ్చిన నివేదికలు ఒకచోట చేరినప్పుడే. ఎక్కడో ఒక రోగి, ఒక నర్సు, ఒక డాక్టరు 'ఇది మందువల్లే అయ్యుంటుంది' అని రాయడం వల్లే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే పట్టుకుంది. మందుల పొరపాట్లవల్ల ప్రపంచానికి ఏటా అవుతున్న ఖర్చు 4,200 కోట్ల డాలర్లని లెక్కగట్టి, 'హానిలేని మందు' పేరుతో 2017లో ఓ ఉద్యమం ప్రారంభించింది. 2019 నుంచి ఏటా సెప్టెంబరు 17ని రోగుల భద్రతా దినంగా జరుపుతున్నారు. 2022లో దాని అంశం మందుల భద్రతే. రోగులకి ఆ సంస్థ చెప్పిన సలహా చాలా చిన్నది: మందు మొదలుపెట్టేటప్పుడూ, వేసుకునేటప్పుడూ, కొత్తది తోడైనప్పుడూ, మధ్యలో చూపించుకునేటప్పుడూ, ఆపేటప్పుడూ... ఈ అయిదు సందర్భాల్లో నోరు తెరిచి అడగండి.

అడగాల్సినవి అయిదే

* ఈ మందు పేరేంటి, దేనికోసం?
* ఎంత, ఎప్పుడెప్పుడు, ఎన్నాళ్లు? రోజూనా, వారానికోసారా?
* తిండికి ముందా తర్వాతా? ఇప్పుడు వేసుకుంటున్న మందులతో, ఆయుర్వేదం బిళ్లలతో సహా, పడుతుందా?
* ఏ లక్షణం కనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి?
* ఒకపూట మరిచిపోతే ఏంచేయాలి?

చీటీలో ఉండే పొట్టి అక్షరాలూ తెలుసుకుంటే మేలు. ఓడీ అంటే రోజుకోసారి. బీడీ అంటే కాల్చేది కాదు, రోజుకి రెండుసార్లు. టీడీఎస్ అంటే మూడుసార్లు. హెచ్‌ఎస్ అంటే పడుకునేముందు. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. ఇవి అర్థంకాకపోతే అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇక ఇవాళ ఆదివారమే. ఇంట్లో అందరూ ఉంటారు. టీవీ మీదా, ఫ్రిజ్ మీదా, దేవుడి గూట్లో, అమ్మ కొంగుముడి పక్కన ఉన్న మందులన్నీ ఒక వార్తాపత్రిక పరిచి దానిమీద పోయండి. గడువు తీరినవి పక్కన పెట్టండి. ఎవరివి వారివిగా వేరుచేయండి. మిగిలినవాటి అసలు పేర్లు ఒక కాగితం మీద రాసి చీటీల ఫైల్లో పెట్టండి. ఈసారి డాక్టరు దగ్గరికైనా, షాపుకైనా ఆ కాగితం మీతోనే రావాలి.

మళ్లీ సామర్లకోట షాపుకే వద్దాం. అదే సాయంత్రం, అదే రద్దీ. కాకపోతే ఈసారి కోడలు కౌంటరు దగ్గర్నుంచి కదల్లేదు.

'ఏవండీ, ఇది రోజూ వేసుకోవాలా? ఒక్కసారి చూసి చెబుదురూ.'

అవతలి మనిషి చీటీ మళ్లీ చూశాడు. చెయ్యి ఆగింది.

'అమ్మో, రోజూ కాదమ్మా! ఇది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకునేది రెండోది. మీ మామ్మగారిదా?'

'మా అత్తయ్యగారిదండీ.'

'ఏ వారం వీలవుతుంది చెప్పండి, రాసిస్తాను.'

'ఆదివారమైతే ఇంట్లో అందరం ఉంటామండీ.'

ఆయన స్ట్రిప్పుని విడిగా ఓ కవర్లో వేసి, మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో పెద్దపెద్ద అక్షరాల్లో రాశాడు: 'ఆదివారం మాత్రమే'. నోట్లో పుళ్లొచ్చినా, జ్వరమొచ్చినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపేసి వెంటనే డాక్టరుకి చూపించమన్నాడు. చెప్పింది గుర్తుందా అని మళ్లీ కోడలితో చెప్పించుకున్నాడు కూడా.

మొత్తం కలిపి ఒకటిన్నర నిమిషం. వెనకున్న ఒకాయన కాస్త విసుక్కున్నాడు. ఫర్వాలేదు.

అత్తగారు ఆ కవరు చేతికి తీసుకుని దగ్గరగా పెట్టుకుని చదివింది. ఆమె అయిదో తరగతితో చదువు ఆపేసింది. ఇంగ్లీషు రాదు. ఆదివారం అన్నది మాత్రం చదవగలదు.